పైన్‌హర్స్ట్‌లో మూడున్నర రోజులు, నలుగురం: ఏ కోర్సులు ఉంచాలి, ఏవి తీసేయాలి?

మోరిస్‌విల్_మూర్తి

అక్టోబర్ చివరి వారంలో గురువారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా నలుగురం గోల్ఫ్ ఆడటానికి నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ వెళ్తున్నాం. మోరిస్‌విల్ నుంచి గంటా పావు డ్రైవే కాబట్టి ప్రయాణం ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఎంచుకోవడంలోనే. ఆ చుట్టుపక్కల దాదాపు 40 కోర్సులున్నాయి.

నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 18. డాలస్ నుంచి వచ్చే మా బావమరిదిది 8. ఆఫీసు స్నేహితుడు పోయినేడాదే మొదలుపెట్టాడు, 30 పైనే ఉంటుంది. నాలుగో మనిషి మా మామగారు. 68 ఏళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నారు, అక్కడ గోల్కొండలో వారానికి రెండుసార్లు ఆడతారు. ఆయనది 22, కానీ కుడి మోకాలు ఇబ్బంది పెడుతోంది.

ఇదీ నా లిస్టు: గురువారం టొబాకో రోడ్. శుక్రవారం పొద్దున పైన్ నీడిల్స్, మధ్యాహ్నం మిడ్ పైన్స్. శనివారం పొద్దున పైన్‌హర్స్ట్ రిసార్ట్ వాళ్ల నంబర్ 2, మధ్యాహ్నం వాళ్లదే నంబర్ 4. ఆదివారం సదరన్ పైన్స్.

టొబాకో రోడ్ లేకపోతే రానని బావమరిది అంటున్నాడు. నంబర్ 2 ఖర్చు చూస్తే గుండె ఝల్లుమంటోంది, ఆ ఒక్క రౌండు డబ్బుతో పక్కనే రెండు మూడు మంచి కోర్సులు ఆడొచ్చు. ఆడినవాళ్లు చెప్పండి.

ఇసుకలో_బంతి

ఆరు రౌండ్లా? అక్టోబర్ చివర్లో అక్కడ ఏడున్నరకి తెల్లారుతుంది, సాయంత్రం ఆరున్నర లోపే చీకటి. రౌండుకి (18 హోల్స్) నాలుగున్నర గంటలు వేసుకోండి. మధ్యలో తిండి, ఇంకో కోర్సుకి వెళ్లడం, ప్రాక్టీసు గ్రీన్ మీద పది నిమిషాలు. రెండో రౌండు చివరి నాలుగు హోల్స్ ఫోన్ లైటుతో ఆడాలి. మోకాలి నొప్పి ఉన్న పెద్దాయనతో రోజుకి 36 హోల్స్ అస్సలు వద్దు.

రాలీ_రఘు

పై మాటే నాదీ. రెండు రౌండ్ల రోజు ఒక్కటి కూడా పెట్టకండి. పెట్టాలనుంటే రెండోది చిన్న కోర్సు అయ్యుండాలి.

నంబర్ 2 మాత్రం తీసేయకండి. నేను 2019లో ఆడాను, అప్పుడు నాది 20. డొనాల్డ్ రాస్ 1907లో కట్టి, 1948లో చనిపోయేదాకా దాన్నే చెక్కుతూ వచ్చాడు, మూడో గ్రీన్ (హోల్ చివర జెండా ఉండే నున్నటి గడ్డి) పక్కనే ఇల్లు కట్టుకుని ఉన్నాడు. ఒక మనిషి తన జీవితమంతా ఒకే నేల మీద పెట్టిన పని అది. టీవీలో చూస్తే ఇదేముంది, చదునుగా ఉంది అనిపిస్తుంది. గ్రీన్ మీదికి వెళ్లాక తెలుస్తుంది. ప్రతి గ్రీనూ తాబేలు వీపులా మధ్యలో ఉబ్బి, అంచుల్లో జారిపోతుంది. బంతి గ్రీన్ మీద పడింది కదా అని పటర్ (బంతిని నేల మీద దొర్లించే క్లబ్బు) తీసుకుని నడుస్తుంటే అది మెల్లగా దొర్లి కిందికి పోతూ కనిపిస్తుంది.

బోగీ_బాబ్జీ

అందుకే వద్దంటాను. 30 హ్యాండిక్యాప్ అబ్బాయిని అక్కడికి తీసుకెళ్లి ఏం చేస్తారు? చిప్ (గ్రీన్ పక్క నుంచి బంతిని కాస్త లేపి కొట్టే షాట్) కొడితే బంతి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. మా గ్రూపులో ఒకతను ఒకే గ్రీన్ చుట్టూ ఐదుసార్లు తిరిగాడు. అంత డబ్బు పోసి ప్రదక్షిణాలా?

రాలీ_రఘు

@బోగీ_బాబ్జీ చిప్ కొట్టాడు కాబట్టి తిరిగొచ్చింది. అక్కడ గ్రీన్ బయటి నుంచి పటర్ వాడాలి. చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డే, 20 గజాల నుంచి కూడా పటర్‌తో తోసేయొచ్చు. కొత్తవాళ్లకి చిప్ కన్నా అదే సులువు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నంబర్ 2లో బంతి పోదు. 16వ హోల్ దగ్గర ఒక చెరువుంది, అదీ ఆటకి పెద్దగా అడ్డు రాదు. 2010-11లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా బాగుచేసినప్పుడు రఫ్ (పక్కల పెరిగే పొడవు గడ్డి) మొత్తం పీకేసి, ఇసుక, వైర్‌గ్రాస్ దుబ్బులతో పాత రూపానికి తెచ్చారు. ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన మధ్య దారి) తప్పితే ఇసుకలోంచి ఆడతావు, అంతే. నేను ఒక్క బంతితో మొదలుపెట్టి అదే బంతితో ముగించాను. ఇంకే పెద్ద కోర్సులో అలా జరగలేదు నాకు.

పద్మ_18హోల్స్

మూర్తి గారు, లిస్టులో కోర్సుల పేర్లు రాశారు, ఏ టీ (మొదటి షాట్ కొట్టే చోటు, ముందు టీ అయితే దూరం తగ్గుతుంది) నుంచి ఆడతారో ఒక్కదానికీ రాయలేదు. నలుగురిలో 8 నుంచి 30 దాకా ఉన్నారంటే అసలు నిర్ణయం అదే.

నా అనుభవం చెప్తాను. మూడేళ్ల కిందట మా వారు, వాళ్ల స్నేహితులు కలిసి ట్రిప్ వేశారు. కోర్సులన్నీ వాళ్లే ఎంచారు, నన్ను అడగలేదు. రెండు చోట్ల ముందు టీలు పేరుకే ఉన్నాయి. ప్రతి పార్ 4లో (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) గ్రీన్ చేరడానికే నాకు మూడు షాట్లు పట్టేది. నేను బాగా ఆడిన రోజు కూడా వెనకబడ్డట్టే ఉండేది. మూడో రోజు పైన్ నీడిల్స్. అక్కడ ముందు టీ నుంచి కూడా కోర్సు కోర్సులాగే ఉంది: బంకర్లు (ఇసుక గుంటలు) నాకూ అడ్డొచ్చాయి, రెండో షాట్‌కి నేనూ గ్రీన్ వైపు గురిపెట్టాను. పెగ్గీ కిర్క్ బెల్ అనే ఆవిడ దశాబ్దాల పాటు నడిపి, ఎంతోమంది ఆడవాళ్లకి ఆట నేర్పిన చోటు అది. యూఎస్ ఉమెన్స్ ఓపెన్ 1996, 2001, 2007, 2022లో నాలుగుసార్లు జరిగింది. మీ మామగారికీ ఆ కొత్తబ్బాయికీ అదే సరిపోతుంది. మిగతావి ఏం మార్చినా దాన్ని మాత్రం ఉంచండి.

షార్లెట్_శీను

పద్మ గారి పోస్టు పిన్ చేయాలి.

టొబాకో రోడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మామగారిని అక్కడికి తీసుకెళ్లకండి. మొదటి హోల్‌లోనే రెండు పెద్ద ఇసుక గుట్టల మధ్య నుంచి కొట్టాలి, అవతల ఏముందో సరిగా కనపడదు. సగం షాట్లు గుడ్డిగా కొట్టాలి. ఒకప్పుడు ఇసుక తవ్విన గనిలో మైక్ స్ట్రాంజ్ 1998లో కట్టాడు. నాకైతే సర్కస్‌లా అనిపించింది. ఒక్కసారి చాలు.

డాలస్_దిలీప్

ఆ బావమరిదిని నేనే. బావా, ఈ థ్రెడ్ గురించి నాకెందుకు చెప్పలేదు?

@షార్లెట్_శీను సర్కస్ అనకండి దయచేసి. స్ట్రాంజ్ అసలు చిత్రకారుడు, హోల్స్‌ని ముందు బొమ్మలుగా గీసుకుని కట్టేవాడు. 2005లో 50 ఏళ్లకే పోయాడు, ఆయన కట్టిన కోర్సులే తక్కువ. కనపడటానికి భయపెడుతుంది కానీ గుట్ట అవతల ఫెయిర్‌వే చాలా వెడల్పు. కళ్లు భయపడతాయి, బంతికి చోటుంటుంది. ఆ తేడాని నమ్మి కొట్టడమే అక్కడి ఆట. నేను ఇంతదూరం విమానంలో వచ్చేది దానికోసమే.

షార్లెట్_శీను

8 హ్యాండిక్యాప్ వాళ్లకి చోటుంటుంది. నాకు తొమ్మిది బంతులు పోయాయి.

పద్మ_18హోల్స్

@షార్లెట్_శీను ఏ టీ నుంచి ఆడారు?

షార్లెట్_శీను

రిప్పర్. గ్రూపులో అందరూ అక్కణ్నుంచే ఆడారు.

పద్మ_18హోల్స్

అదీ సంగతి. అది అన్నిటికన్నా వెనకది. అక్కడ టీలకి పొలం పనిముట్ల పేర్లు పెట్టారు: రిప్పర్, డిస్క్, ప్లౌ, కల్టివేటర్. మొత్తం వెనక నుంచి చూసినా పొడవు 6,500 గజాలే కదా అని అందరూ వెనక్కే వెళ్తారు. కష్టం పొడవులో లేదు, గురి పెట్టే కోణంలో ఉంది. ప్లౌ నుంచి ఆడితే మీ తొమ్మిది బంతుల్లో ఆరు మిగిలేవి.

బోగీ_బాబ్జీ

మా తాత నాగలి పట్టాడు, నాన్న ట్రాక్టరు నడిపాడు, నేను టొబాకో రోడ్‌లో ప్లౌ టీ నుంచి ఆడతాను. వంశాచారం.

ఇసుకలో_బంతి

😂 పొగాకు కూడా మీ గుంటూరు పంటే కదా. ఆ కోర్సు పేరు పెట్టడానికి మీకే హక్కుంది.

రాలీ_రఘు

దారి సంగతి కూడా చూసుకోండి. టొబాకో రోడ్ శాన్‌ఫర్డ్ దగ్గర, మీరు యూఎస్-1 మీద వెళ్లే దారిలోనే. పైన్‌హర్స్ట్‌లో దిగాక మళ్లీ అక్కడికి రావాలంటే అరగంట పైన వెనక్కి. గురువారం వెళ్తూ ఆడటమే సరి, ఆ ఒక్కటీ మీరు సరిగ్గా పెట్టారు. మిడ్ పైన్స్, పైన్ నీడిల్స్ మిడ్‌ల్యాండ్ రోడ్డుకి అటొకటి ఇటొకటి. సదరన్ పైన్స్ కోర్సూ దగ్గరే, మూడూ ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. మూడూ కలిపి అడిగితే విడివిడిగా కన్నా మంచి రేటు రావచ్చు. ఫోన్ చేసి అడగండి, వెబ్‌సైటులో అన్నీ పెట్టరు.

చాపెల్‌హిల్_చైతన్య

ఆ మూడింట్లో మిడ్ పైన్స్ మీద నాకు ప్రేమ. 1921లో రాస్ కట్టాడు. 2013లో కైల్ ఫ్రాంజ్ పాత ఫోటోలు చూసి మళ్లీ ఇసుకా దుబ్బులూ తెచ్చాడు. అతను అంతకుముందు నంబర్ 2 బాగుచేసిన బృందంలో పనిచేశాడు. నంబర్ 2 రుచి కావాలి, ఆ ఖర్చు వద్దు అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. గ్రీన్లు చిన్నవి, కానీ అంత కఠినంగా ఉండవు. 30 హ్యాండిక్యాప్ వాళ్లు కూడా నవ్వుతూ బయటికొస్తారు.

గోల్కొండ_గోల్ఫర్

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మూర్తి, మీ మామగారి వయసే నాది, ఆడేది కూడా అదే కోర్సులో. కోట గోడ పక్కన నయా ఖిల్లాలో ఆడి పెరిగిన ఆటకి ఒక అలవాటుంటుంది: మేం కేడీతో (బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి) ఆడతాం. ఎన్ని గజాలు, గ్రీన్ ఎటు వంగింది, అన్నీ కేడీ చెప్తాడు. అక్కడికి వచ్చి కార్టులో కూర్చుని, జీపీఎస్ చూసుకుంటూ, తన బ్యాగు తనే చూసుకుంటూ ఆడటం ఆయనకి కొత్త.

నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు నంబర్ 2 ఆడాను. అక్కడ కార్టు తీసుకున్నా దారి దిగకూడదు, బంతి దాకా నడిచి మళ్లీ కార్టు దగ్గరికి నడవాలి. మోకాలు బాలేనివాళ్లకి అది మామూలు నడక కన్నా ఎక్కువ. నేల మాత్రం మెత్తగా, ఎక్కువ ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. కేడీని పెట్టుకుని, బ్యాగు అతనికిచ్చి, చేతిలో ఒక పటర్‌తో నెమ్మదిగా నడిచాను. 18 హోల్స్ అయ్యాక కూడా మోకాలు బాగుంది.

అసలు ఆయన్ని అడిగారా?

మోరిస్‌విల్_మూర్తి

గోల్కొండ గారు, మీ ప్రశ్న చదివాక ఇప్పుడే వెళ్లి అడిగాను. నిజానికి ఇంతవరకు అడగలేదు. “మీరెక్కడికి తీసుకెళ్తే అక్కడికి” అనేవారు, నేను అలాగే వదిలేశాను.

ఈసారి కాస్త గుచ్చి అడిగితే చెప్పారు. 2024 జూన్‌లో యూఎస్ ఓపెన్ నంబర్ 2లో జరిగినప్పుడు నాలుగు రాత్రులూ ఆయన హైదరాబాద్‌లో మేలుకుని చూశారట, ఆదివారం రౌండు అక్కడ తెల్లవారుజామున 4 గంటల దాకా సాగింది. సాహిత్ తీగల ఆడుతున్నాడని మొదలుపెట్టారు. వాళ్ల అమ్మానాన్నలు హైదరాబాద్ వాళ్లు, ఆ పేరు స్క్రీన్ మీద కనపడితే పక్కింటి పిల్లాడు ఆడుతున్నట్టు ఉండేదట. చివరికి డిషాంబో 18లో బంకర్ లోంచి 55 గజాల షాట్ కొట్టి గెలిచాడు కదా, ఆ బంకర్ చూడాలని ఉంది అన్నారు. ఆడాలని కాదు, చూడాలని. డబ్బు సంగతి ఆయనకి తెలుసు, అందుకే నోరు తెరవలేదు.

ఇప్పుడు నంబర్ 2 తీసేయడం నావల్ల కాదు.

డాలస్_దిలీప్

నాన్న నాకూ చెప్పలేదు ఈ మాట. బావా, నా వంతు నంబర్ 2 డబ్బు నాన్న కేడీకి పెట్టు. నేను ఆ పూట వేరే చోట ఆడతాను.

బోగీ_బాబ్జీ

సరే, ప్రదక్షిణాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన్ని తీసుకెళ్లండి.

ఇసుకలో_బంతి

నలుగురూ ఎప్పుడూ కలిసే ఆడాలని రూలేం లేదు. మూర్తి, మీరూ మామగారూ నంబర్ 2. దిలీప్, ఆ కొత్తబ్బాయి అదే పొద్దున సదరన్ పైన్స్. మధ్యాహ్నం అందరూ క్రేడిల్ దగ్గర కలవండి.

చాపెల్‌హిల్_చైతన్య

క్రేడిల్‌కి నా ఓటు కూడా. తొమ్మిది హోల్స్, మొత్తం కలిపి 789 గజాలు, ఏ హోలూ 130 గజాలు దాటదు. 2017లో గిల్ హాన్స్ కట్టాడు. మూడు క్లబ్బులు చేతిలో పట్టుకుని వెళ్తే చాలు. పాటలు వినపడుతుంటాయి, పిల్లలుంటారు, చెప్పులతో తిరిగేవాళ్లుంటారు. 30 హ్యాండిక్యాప్ అబ్బాయి 8 వాళ్లని ఓడించగల చోటు అదొక్కటే. పక్కనే థిసిల్ డూ అని పటింగ్ కోర్సు కూడా ఉంది.

షార్లెట్_శీను

విడిపోవడం నాకు నచ్చలేదు. ట్రిప్ అంటే కలిసి ఆడటం. నలుగురూ నంబర్ 2 ఆడండి, లేకపోతే ఎవరూ వద్దు. సాయంత్రం భోజనంలో ఇద్దరు ఒక కథ, ఇద్దరు ఇంకో కథ చెప్పుకుంటూ కూర్చోవడం బాగుండదు.

పద్మ_18హోల్స్

@షార్లెట్_శీను నాకు అదే బాగుంటుంది. మూడు రోజులూ ఒకే నలుగురూ ఒకే కథ చెప్పుకుంటే రెండో రాత్రికే మాటలైపోతాయి.

పైగా నంబర్ 2 ఆడాలంటే మామూలుగా ఆ రిసార్ట్‌లో బస చేయాలి, ప్యాకేజీలో ఇస్తారు, దాని మీద నంబర్ 2కి అదనం. నలుగురికీ అంటే ఆ భారం చాలా పెద్దది. ఇద్దరు అక్కడ ఉండి, ఇద్దరు పక్క ఊరు అబర్డీన్‌లో మామూలు హోటల్లో ఉంటే సరిపోతుంది.

రాలీ_రఘు

నంబర్ 4 కూడా తీసేస్తున్నారా? 2018లో హాన్స్ మళ్లీ కట్టాక అది చాలా మారింది. ఆటగా చూస్తే కొన్ని హోల్స్ నంబర్ 2 కన్నా నాకు నచ్చాయి.

ఇసుకలో_బంతి

ఇంకోసారికి ఉంచుకోమనండి. గంటా పావు దూరంలో ఉన్నవాళ్లు అన్నీ ఒకేసారి ఆడేయడం దేనికి?

బ్రయర్‌క్రీక్_భాను

ఆలస్యంగా వచ్చాను. అక్టోబర్ అన్నారు కాబట్టి సరే. వేసవిలో వెళ్లేవాళ్లకి మాత్రం ఒక మాట: జులై ఆఖరు, ఆగస్టు మొదట్లో యూఎస్ కిడ్స్ వరల్డ్ చాంపియన్‌షిప్ అక్కడే జరుగుతుంది. మా పాపని తీసుకెళ్లాను. ఆ వారం కోర్సులన్నీ పిల్లలతో నిండిపోతాయి. ఇంకోటి, బెర్ముడా గడ్డి గ్రీన్లకి వేసవిలోనే బెజ్జాలు కొట్టి ఇసుక చల్లుతారు. వేసవిలో చవక రేటు కనపడితే ఫోన్ చేసి “గ్రీన్లకి బెజ్జాలు ఎప్పుడు కొట్టారు” అని అడగండి. నేను అడగకుండా ఒకసారి బుక్ చేశాను, పటర్‌తో కొట్టిన ప్రతి బంతీ ఎగురుకుంటూ వెళ్లింది.

చిన్న పిల్లలతో వెళ్తే లాంగ్‌లీఫ్ చూడండి. అక్కడ ప్రాక్టీసు రేంజ్‌లో రంగు రంగు కర్రలు పాతి ఉంటాయి. మీ డ్రైవ్ ఏ కర్ర దాకా వెళ్తుందో చూసి, ఆ రంగు టీ నుంచి ఆడాలి. పద్మ గారు చెప్పిన టీ గొడవ వాళ్లు అలా తేల్చేశారు.

పద్మ_18హోల్స్

భాను గారు, అది ప్రతి కోర్సులోనూ ఉండాలి.

బోగీ_బాబ్జీ

తిండి ప్లాన్ ఎవరూ చెప్పలేదేంటి? మామగారు శాకాహారం అయితే మూడు రోజులు చీజ్ పీజా, ఫ్రెంచ్ ఫ్రైసే గతి. పొద్దున బయల్దేరేటప్పుడు పులిహోర కట్టుకోండి, తొమ్మిదో హోల్ తర్వాత డబ్బా మూత తీస్తే పక్క గ్రూపు కూడా ఆగుతుంది.

గోల్కొండ_గోల్ఫర్

బయటి తిండి కోర్సు మీదికి రానివ్వనివి ఉంటాయి, ముందే అడగండి. పార్కింగులో కారు డిక్కీ తెరిచి తినడం ఎప్పుడైనా క్షేమం.

మోరిస్‌విల్_మూర్తి

చివరికి ఇలా బుక్ చేశాను. గురువారం టొబాకో రోడ్, దిలీప్ డిస్క్ నుంచి, నేను ప్లౌ, మిగతా ఇద్దరూ కల్టివేటర్. శుక్రవారం మిడ్ పైన్స్ ఒక్కటే. శనివారం పొద్దున నేనూ మామగారూ నంబర్ 2, వాళ్లిద్దరూ సదరన్ పైన్స్, మధ్యాహ్నం అందరం క్రేడిల్. ఆదివారం పైన్ నీడిల్స్ ఆడి ఇంటికి. శుక్ర, శని రాత్రులు మేమిద్దరం రిసార్ట్‌లో ఉంటాం. వెళ్లొచ్చాక రాస్తాను.

రాలీ_రఘు

అక్టోబర్ చివర అంటే గుర్తొచ్చింది. నంబర్ 2లో 18వ గ్రీన్ దగ్గర గోల్ఫర్ పేన్ స్టూవర్ట్ విగ్రహం ఉంటుంది. 1999లో అక్కడ యూఎస్ ఓపెన్ గెలిపించిన చివరి పట్ (పటర్ షాట్) వేసి, కాలు గాల్లోకి లేపి, పిడికిలి బిగించిన ఆ పోజే. అతను పోయింది ఆ ఏడాదే అక్టోబర్ 25న, విమాన ప్రమాదంలో. మామగారికి చూపించండి.

మోరిస్‌విల్_మూర్తి

వెళ్లొచ్చి మూడు రోజులైంది. మాటిచ్చాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గురువారం టొబాకో రోడ్. శీను గారు భయపెట్టినంత లేదు, దిలీప్ ఊరించినంత సులువూ కాదు. కల్టివేటర్ నుంచి మామగారికి గుట్టల మీదుగా కొట్టాల్సిన షాట్లు బాగా తగ్గాయి. స్నేహితుడికి ఏడు బంతులు పోయాయి, కానీ ఒక పార్ 3లో పార్ చేశాడు, వారమంతా అదే చెప్పాడు. మామగారు మూడు నాలుగు హోల్స్‌లో బంతి జేబులో పెట్టుకుని కార్టులో కూర్చుని చూశారు. ఆయనకది నచ్చలేదని అనుకున్నాను. తర్వాత అన్నారు, “ఆడకపోయినా బాగుంది, కొండల్లో తిరిగినట్టుంది” అని.

శుక్రవారం తెల్లవారుజాము నుంచి వాన. మామూలుగా మా వేక్ కౌంటీ ఎర్రమట్టి కోర్సులైతే ఆ రోజుకి ఆశ వదులుకోవాలి. అక్కడ నేలంతా ఇసుక. తొమ్మిదిన్నరకి వాన ఆగింది, పదకొండుకి మిడ్ పైన్స్‌లో మొదటి టీ మీద ఉన్నాం, బూట్లకి బురద కూడా అంటలేదు. చైతన్య గారు, మీ మాట అక్షరాలా నిజం. నలుగురికీ నచ్చిన కోర్సు అదే. రోజుకి ఒక్క రౌండే పెట్టడం వల్ల ఆ వాన మాకేమీ చేయలేకపోయింది. నా పాత లిస్టు ప్రకారం అయితే పైన్ నీడిల్స్ పోయేది.

శనివారం. కేడీ మామగారి బ్యాగు తీసుకుని మొదటి హోల్‌లోనే ఆయన చేతికి పటర్ ఇచ్చాడు. రఘు గారు చెప్పినట్టే గ్రీన్ బయటి నుంచి అన్నీ పటర్‌తోనే. రెండో హోల్ నుంచి ఇద్దరూ కలిసిపోయారు. ఈయన తెలుగు యాస ఇంగ్లీషు, అతని కరోలినా యాస. పది హోల్స్ అయ్యేసరికి కేడీ “ఎలా ఉంది సర్” అని అడగడం మానేసి, చేయి చూపిస్తే ఈయన అటు కొట్టడం మొదలైంది. మోకాలు 14 దాకా బాగానే ఉంది. తర్వాత కాస్త ఆగి ఆగి నడిచారు, వెనక గ్రూపుని ఒకసారి ముందుకి పంపించాం.

18లో ఆయన మూడో షాట్ ఫెయిర్‌వే మధ్యలో ఆగింది. ఆ బంకర్‌లో పడలేదు. కేడీ ఈయన మొహం చూసి, వెనక ఎవరూ లేరని చూసుకుని, ఒక బంతి తీసి ఆ ఇసుకలో వేశాడు. మొదటిది పెదవికి తగిలి వెనక్కొచ్చింది. రెండోది బయటికొచ్చి గ్రీన్ ముందు ఆగింది. మూడోది గ్రీన్ ఎక్కి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, అవతలికి జారిపోయింది. ఆయన చాలాసేపు రేక్ పట్టుకుని తన అడుగులన్నీ తనే చదును చేశారు, కేడీ చేస్తానన్నా ఇవ్వలేదు.

విగ్రహం దగ్గర ఫోటో తీశాను. కాలు లేపమంటే ఈ మోకాలితో కుదరదన్నారు, పిడికిలి మాత్రం బిగించారు.

స్కోరు ఆయనది 103, నాది 97. క్రేడిల్‌లో స్నేహితుడు దిలీప్‌ని ఒక షాట్ తేడాతో ఓడించాడు. శనివారం రాత్రి భోజనంలో సదరన్ పైన్స్ కథలు వాళ్లు, నంబర్ 2 కథలు మేం. పద్మ గారు, మాటలు అయిపోలేదు.

ఆదివారం పైన్ నీడిల్స్‌లో మామగారు 11 హోల్స్ ఆడి, మిగతావి కార్టు నడిపారు. నాలుగో రోజుకి తొమ్మిది హోల్స్ చాలు, మళ్లీ వెళ్తే అలాగే బుక్ చేస్తాను.

గోల్కొండ_గోల్ఫర్

ఆయన వెనక్కి వచ్చాక ఒకసారి నయా ఖిల్లా దగ్గర కలవమనండి. ఆ మూడు బంతుల కథ ఆయన నోట వినాలి.

డాలస్_దిలీప్

ఆ ఒక్క షాట్ తేడా గురించి మాత్రం బావ పూర్తిగా రాయలేదు. నా బంతి హోల్ అంచు మీద ఆగింది. వచ్చే ఏప్రిల్‌లో క్రేడిల్‌కి మళ్లీ వస్తున్నాను. నంబర్ 4 ఎవరు ఆడతారు?

రాలీ_రఘు

నేను. ఒక చోటు నాకు పెట్టండి.

పద్మ_18హోల్స్

నాకొకటి. టీలు ముందే మాట్లాడుకుందాం.